చంద్రకాంతమణి: వెలుగు, బలహీనత

ఆభరణములలో పొదుగు రాళ్ళను తలచినంతనే మనకు నవరత్నములు గుర్తునకు వచ్చును. వజ్రము, కెంపు, పచ్చ, నీలము మొదలగువాని విలువ అందరును ఎరిగినదే. వాని ప్రక్కన ఉపరత్నముల వరుసలో చంద్రకాంతమణి అను రాయి యొకటి కలదు. ఇంగ్లీషులో దీనిని మూన్‌స్టోన్ అందురు. వెల చాలవరకు సామాన్యులకు అందుబాటులోనిదే. పేరు మాత్రము తరతరములుగా కవుల నోట నానినది.

ఇంత పేరు గల రాయి మన ఇండ్లలో సుఖముగ నిలుచుట లేదు. కొన్న కొలది సంవత్సరములకే మసకబారినదని కొందరు చింతింతురు. ఉంగరమును వదులు చేయుటకు ఇచ్చినచో రాయి రెండు చెక్కలై తిరిగివచ్చినదని మరికొందరు కంసాలిని నిందింతురు. నీలికాంతి రాయి అని మురిసి కొన్నది ఉత్త గాజని తరువాత తెలిసికొని బాధపడువారును కలరు. ఈ మూడు కష్టములనుండియు తప్పించుకొను మార్గము ఒక్కటే. ఆ రాయిలోని వెలుగు ఎచటినుండి వచ్చుచున్నదో తెలిసికొన్నచో, దానిని ఎట్లు ఎన్నుకొనవలెనో, ఎట్లు పొదుగవలెనో, ఎట్లు కాపాడుకొనవలెనో తనంతట తానే బోధపడును. ఏలయన ఈ రాయి అందమునకును, బలహీనతకును మూలము దాని లోపలి కట్టడియే.

మొదట ఇది ఎట్టి రాయియో చూతము. భూమి పైపొరలో అన్నిటికంటె విస్తారముగ దొరకు ఖనిజజాతి ఫెల్‌స్పారు. హైదరాబాదు చుట్టుపట్ల గుట్టలలోని గ్రానైటు రాతిని పరికించినచో అందు గులాబి రంగు పలుకులు కనబడును. అవి ఫెల్‌స్పారు పలుకులే. పింగాణి పాత్రలకు నునుపైన మెరుగు పూయుటకు ఉపయోగించునదియు ఈ జాతి ఖనిజమే. గుట్టలోని ఆ మోటు పలుకునకును, హారములోని చంద్రకాంతమునకును బంధుత్వము దగ్గరది. రెండును పొటాసియము, అల్యూమినియము, సిలికాను, ఆక్సిజనులతో ఏర్పడిన ఫెల్‌స్పారు కుటుంబములోనివి. చంద్రకాంతములో పొటాసియముతోపాటు సోడియము గల మరియొక ఫెల్‌స్పారు కూడ కలిసియుండును. మొదటిదానిని ఆర్థోక్లేసు అనియు, రెండవదానిని ఆల్బైటు అనియు శాస్త్రజ్ఞులు పిలుతురు.

ఈ రెండును మిక్కిలి వేడిలో ఒకదానితో నొకటి కలిసి ఒకే స్ఫటికముగ ఉండగలవు. వేడి తగ్గినకొలది వానికి పొత్తు కుదరదు. మన వంటయింట జరుగు ఒక సంగతి ఇచట ఉపమానముగ పనికివచ్చును. కాచిన నేయి వేడిగ నున్నంతసేపు తేటగ ఒకే ద్రవముగ నుండును. మెల్లగ చల్లారినచో అందులో కొంత భాగము పూసకట్టి వేరుపడును. మిగిలినది తేటగ నిలుచును. రాతిలోనైనను ఇట్టిదే జరుగును. అయితే అచట అది గట్టిపడిన స్ఫటికములోపల, అతి దీర్ఘకాలమున, మిక్కిలి నెమ్మదిగ జరుగును. అప్పుడు పూసలకు బదులు పొరలు ఏర్పడును: ఆర్థోక్లేసు పొర, దానిపై ఆల్బైటు పొర, మరల ఆర్థోక్లేసు పొర. ఈ పొరలు కంటికి కనబడనంత పలుచనివి. మేలిరకపు రాళ్ళలో వాని మందము కాంతితరంగపు పొడవుతో పోల్చదగినంత, అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతుకంటె తక్కువగ నుండును.

వెలుతురు ఈ రాతిలో ప్రవేశించి, పొర పొరకును తగిలి, కొంత కొంతగ వెదజల్లబడి వెనుకకు వచ్చును. అందుచేత ఆ కాంతి రాతి ఉపరితలమునుండి కాక లోతునుండి వచ్చుచున్నట్లు తోచును. రాతిని అటునిటు కదల్చినచో ఆ వెలుగు నీటిపై వెన్నెలవలె జరుగును. పొరలు మిక్కిలి పలుచనివైనచో నీలికాంతి హెచ్చుగ వచ్చును. కొంచెము మందమైనచో పాలవంటి తెల్లని కాంతి వచ్చును. పలుచని పొగ నీలముగను, దట్టమైన పొగ తెల్లగను కనబడుటను మనమందరము చూచియే యున్నాము. స్విట్జర్లాండు దేశమందలి అడులా పర్వతముల పేరునుబట్టి ఈ మెరుపునకు పాశ్చాత్య శాస్త్రజ్ఞులు అడ్యులరెసెన్సు అని పేరిడిరి.

ఈ వెలుగు మన దేశపు విజ్ఞానవేత్తలను కూడ ఆకర్షించినది. విశాఖపట్టణమున బాల్యము గడపి, 1930లో నోబెల్ బహుమానము పొందిన సర్ చంద్రశేఖర వేంకటరామన్, రత్నముల రంగులయందును, మెరుపులయందును జీవితాంతము మక్కువ చూపిరి. 1950లో ఆయన జయరామన్, శ్రీనివాసన్ అను సహచరులతో కలిసి సింహళపు చంద్రకాంతములను పరిశోధించి, వాని నిర్మాణమునకును కాంతికిని గల సంబంధమును వివరించుచు ఒక వ్యాసము ప్రకటించిరి. కవులకు వెన్నెలగ తోచినది భౌతికశాస్త్రజ్ఞునకు కాంతి వెదజల్లబడు ప్రశ్నగ తోచినది. సముద్రపు నీలిమను గూర్చి ప్రశ్నించిన దృష్టియే ఈ చిన్నరాతి నీలిమపై గూడ ప్రసరించినది.

ఇక కవుల చంద్రకాంతమును గూర్చి రెండు మాటలు. సంస్కృత సాహిత్యమున చంద్రకాంతపు ముఖ్యలక్షణము మెరయుట కాదు, కరగుట. చంద్రకిరణములు సోకినంతనే ఆ శిల చెమర్చి నీటిబొట్లు కార్చునని కవిసమయము. కాళిదాసు మేఘసందేశమున అలకాపురి మేడలలో దారములకు వ్రేలాడు చంద్రకాంతములు రాత్రివేళ చల్లని నీటి తుంపరలు రాల్చి కామినుల బడలిక తీర్చునని వర్ణించెను. భవభూతి ఇంకొక మెట్టు పైకి పోయి, ఇద్దరి నడుమ స్నేహమునకు బాహ్యకారణములు అక్కరలేదని చెప్పుటకు ఈ రాతినే సాక్ష్యముగ తెచ్చెను. సూర్యుని చూచి తామర విచ్చుటకును, చంద్రుని చూచి ఈ శిల ద్రవించుటకును లోపలి కారణమేదో కలదని ఆయన భావము. మన తెలుగు ప్రబంధములలోను చంద్రకాంతపు అరుగులకు, పీఠములకు కొదువ లేదు. పెద్దన వరూధినిని చంద్రకాంతమణిపీఠముమీదనే కూర్చుండబెట్టెను. ఆమె కట్టిన వస్త్రపు రంగు ఆ తెల్లని పీఠమునకు సోకి ఎఱుపెక్కుట ఆయన చూచిన అందము.

నేడు అంగడిలో దొరకు చంద్రకాంతము ఎంత పున్నమినాడైనను ఒక్క బొట్టు నీరైన కార్చదు. కవిసమయమునకు ఆ పరీక్ష పెట్టుట న్యాయమును కాదు. చకోరము వెన్నెల త్రాగునని చదివి ఆనందించునట్లే శిల కరగుననియు చదివి ఆనందింపవచ్చును. చిక్కు ఎచట వచ్చునన, వర్ణనను అమ్మకపు మాటగ మార్చినప్పుడు. రాయి పున్నమికి పెరుగుననియు, అమావాస్యకు తరుగుననియు చెప్పు వ్యాపారులు నేటికిని కలరు. ఈ మాట క్రొత్తది కాదు. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున రోమను రచయిత ప్లినీ, తనలో చంద్రబింబమును ధరించి దినదినము చంద్రకళల ననుసరించి మారు రాతిని గూర్చి వ్రాసెను. అయితే ఆయన కూడ 'ఆ కథ నిజమైనచో' అను అర్థము వచ్చునట్లు జాగ్రత్తపడియే వ్రాసెను. రెండువేల యేండ్లనాటి ఆ జాగ్రత్త నేటి కొనుగోలుదారునకును మేలు చేయును.

జ్యోతిష సంప్రదాయమున చంద్రునకు రత్నము ముత్యము. చంద్రకాంతము దానికి బదులుగ ధరించు ఉపరత్నము. చంద్రుడు మనస్సునకు అధిపతి యను విశ్వాసమునుబట్టి ఈ రాయి మనశ్శాంతి నిచ్చునని చెప్పుదురు. విశ్వాసముతో ధరించువారిని మేము కాదనము. నిద్రపట్టనివారికి, మనోవ్యాధి గలవారికి ఉంగరమొకటి తొడిగి వైద్యుని చూపకపోవుట మాత్రము ప్రమాదకరము. రాయి వేలికి అలంకారము కావచ్చును. వైద్యునికి ప్రతినిధి కాజాలదు. జూన్ మాసమున జన్మించినవారికి ఇది జన్మరత్నమను మాటయు వినబడుచుండును. ఆ నేటి పట్టిక ఋషులు చెప్పినది కాదు. 1912లో అమెరికా దేశపు నగల వర్తకుల సంఘము కూర్చినది. అందు జూన్ మాసమునకు ముత్యముతోపాటు చంద్రకాంతము చేర్చబడినది.

పేరును గూర్చిన మరియొక భ్రమను కూడ తొలగించుట మంచిది. ఆంగ్ల నవలాకారుడు విల్కీ కాలిన్సు 1868లో ప్రకటించిన 'ది మూన్‌స్టోన్' అను నవలను చదివినవారు అందులోని రత్నము చంద్రకాంతమే యనుకొందురు. నిజమునకు అది పసుపుపచ్చని వజ్రము. చంద్రుని విగ్రహపు నుదుట నుండినందున కథలో దానికా పేరు వచ్చినది. 1799లో శ్రీరంగపట్టణపు ముట్టడిలో అది అపహరింపబడినట్లు కల్పన. వజ్రమునకును చంద్రకాంతమునకును గల భేదము మన ప్రసంగమునకు ముఖ్యమైనది. దానినే ఇక ముందు చూతము.

రాళ్ళ కాఠిన్యమును కొలుచుటకు మోస్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఏర్పరచిన కొలమానము కలదు. అందు వజ్రము 10, కెంపును నీలమును 9. ఇసుకలోని పలుగురాయి, అనగా క్వార్ట్జు, 7. చంద్రకాంతము 6 మొదలు 6.5 వరకు. ఈ అంకెలలోనే మన మొదటి కష్టమునకు సమాధానము కలదు. ఇంటిలో ప్రతిదినము బీరువాపై పేరుకొను దుమ్ములో సన్నని ఇసుక పలుకులు ఉండును. అవి చంద్రకాంతముకంటె గట్టివి. నగపై దుమ్ము చూచి చీరకొంగుతో పొడిగ రుద్దినచో, మనము శుభ్రపరచుచున్నామనుకొనుచు సానకాగితముతో గీచుచున్నామన్నమాట. ఆ గీతలు ఒక్కొక్కటి కనబడవు. వందలు చేరిన పిమ్మట రాయి మసకబారును. లోపలి వెలుగు పోలేదు. దానిని చూపు కిటికీ మాసినది. నేర్పు గల సానవాడు తిరిగి మెరుగుపెట్టినచో చాలవరకు ఆ వెలుగు మరల కనబడును.

రెండవ కష్టము పగులుట. ఎండిన కట్టె నారవెంట చులకనగ చీలునట్లు ఫెల్‌స్పారు రెండు దిక్కులలో చులకనగ చీలును. ఆ రెండు దిక్కులును ఒకదానికొకటి ఇంచుమించు లంబముగ నుండును. దీనికితోడు పొరలు వేరుపడునప్పుడు కలిగిన ఒత్తిడివలన రాతిలోపల సన్నని పగుళ్ళు కూడ ఏర్పడును. నడుమ ఒక గీత, దానికి ఇరువైపుల పొట్టి గీతలు, అచ్చముగ జెర్రికాళ్ళవలె కనబడును. కనుక ఉంగరము బల్ల అంచునకు తగిలినను, ఉన్నట్టుండి వేడి సోకినను రాయి చీలుట కలదు. పొరలు లేనిదే ఆ వెన్నెల లేదు; ఆ పొరల సంసారములో పుట్టిన పగుళ్ళే ప్రమాదమునకు దారితీయును.

పనివారు ఈ స్వభావము నెరిగి రాతిని మలచుదురు. వజ్రమునకువలె పలకలు దిద్దుట ఇచట అంతగ నప్పదు. అడుగు చదునుగను, పైభాగము గుబ్బగను సానపట్టుట రివాజు. అడుగుభాగము లోపలి పొరలకు సమాంతరముగ ఉండునట్లు సానవాడు ముందే రాతిని త్రిప్పి చూచి గురుతు పెట్టుకొనవలెను. ఆ లెక్క తప్పినచో వెలుగు గుబ్బ నడుమకు రాక ఒక మూలకు ఒరిగిపోవును. గుబ్బ చాల పల్లముగ నున్నను వెలుగు చెదరును. కొన్ని రాళ్ళలో ఆ వెలుగు పిల్లికన్నువంటి రేఖగ కూడ ఏర్పడును. ఇట్టివి చూచి వైడూర్యమని భ్రమపడరాదు. నిజమైన వైడూర్యపు కాఠిన్యము 8.5, రెండింటికిని ధరలో చాల అంతరము కలదు.

కంసాలి చేతిలో ఈ రాయి చివరిపని కావలెను. వెలిగారము వేసి, టంకము కరగించి, అతుకులన్నియు పూర్తియై, నగ చల్లారిన పిమ్మటనే రాతిని గూటిలో నుంచవలెను. ఉంగరమును వదులు చేయవలసినను, బిగించవలసినను ముందు రాతిని తీసి ప్రక్కనబెట్టుట తప్పనిసరి. ఊదుగొట్టపు మంటకు కెంపు ఓర్చుకొన్నదని చంద్రకాంతమును గూడ అట్లే చూచినచో నష్టము తప్పదు. ఉంగరమునకైనచో అంచురేకుతో చుట్టు కట్టిన గూడు మేలు. గోళ్ళవంటి పట్టులలో నిలిపిన రాయి దెబ్బకు ఎదురుగ నుండును. పతకము, చెవికమ్మలు, హారము ఈ రాతికి అన్నిటికంటె క్షేమమైన చోట్లు. అడుగు మూసి, నల్లని నేపథ్యముండునట్లు అమర్చినచో నీలికాంతి మరింత స్పష్టముగ కనబడును. క్రీస్తుశకము 1900 ప్రాంతమున ఫ్రాన్సు దేశపు ప్రసిద్ధ నగల శిల్పి రెనే లలిక్ వెలలేని వజ్రములకంటె ఇట్టి మెత్తని కాంతి గల రాళ్ళను ఆదరించి, తన కళాఖండములలో చంద్రకాంతములను వాడెను. వెలకంటె వెలుగు ముఖ్యమని ఆ తరపు శిల్పులు తలచిరి.

ఇక కొనుట. నీలికాంతి గల చంద్రకాంతములకు ప్రపంచమున పేరుపొందినది శ్రీలంక. ఆ ద్వీపపు దక్షిణతీరమున, అంబలన్‌గొడకు సమీపమున నున్న మీటియగొడ గ్రామమున గోతులు త్రవ్వి, తెల్లని బంకమన్ను నడుమనుండి ఈ రాళ్ళను ఏరుదురు. ఆ తెల్లమన్ను కూడ యుగములతరబడి శిథిలమైన ఫెల్‌స్పారే యగుట గమనింపదగినది. మన దేశమున తమిళనాటి కాంగేయము పరిసరములలో ఈ రాయి దొరకును. మ్యాన్మారు, మడగాస్కరు దేశములును ప్రసిద్ధములే. తేటగ నుండి, నీలికాంతి నడుమ నిలుచు రాతికి వెల హెచ్చు. పాలవలె మసకగ నుండి తెల్లని కాంతి నిచ్చు రాతికి తక్కువ.

'రెయిన్‌బో మూన్‌స్టోన్' అను పేర అనేక రంగులు చిమ్ము రాయి ఒకటి అంగళ్ళలో విరివిగ అమ్మబడుచున్నది. అది ఫెల్‌స్పారు కుటుంబములోనిదేకాని లాబ్రడొరైటు అను వేరొక శాఖకు చెందినది. అందమైనదే, పేరు తెలిసి, తగిన వెలకు కొన్నచో తప్పు లేదు. ఓపలైటు అను పేరున దొరకునది మాత్రము మనుష్యులు చేసిన గాజు. దానిని గుర్తించుట కష్టము కాదు. నల్లని గుడ్డపై నుంచినచో నీలముగ కనబడును. దీపమునకు ఎదురుగ పట్టినచో నారింజ ఛాయ తోచును. లోపల గుండ్రని గాలిబుడగలు కూడ ఉండవచ్చును. నిజమైన చంద్రకాంతమును ఒక్క దీపము క్రింద మెల్లగ త్రిప్పి చూడవలెను. వెలుగు కొన్ని వైపులనే కనబడి, జరిగి, మాయమగును. గాజు ఎటు త్రిప్పినను ఒకే తీరున మెరయును. సందేహము తీరనిచో రత్నపరీక్షాశాల పత్రమును అడుగుట కొనువారి హక్కు.

ఇంట దీనిని కాపాడుటకు ఖర్చేమియు లేదు. నగను శుభ్రము చేయదలచినప్పుడు ముందుగ నీటితో దుమ్మును కడిగి, తరువాతనే గుడ్డ తాకింపవలెను. గోరువెచ్చని నీరు, కొంచెము మెత్తని సబ్బు, మెత్తని కుంచె చాలును. బంగారపు గొలుసులకువలె కుంకుడురసములో మరిగించుట, వేడినీటినుండి తీసి చన్నీటిలో వేయుట ఈ రాతికి పనికిరాదు. చింతపండు, ముగ్గుపిండి, పండ్లపొడి తగులరానివి. ధ్వనితరంగములతో కడుగు యంత్రములును, ఆవిరి యంత్రములును అంగడిలో చూపినను వలదని చెప్పవలెను. అడుగు మూసి లక్క పోసిన నగ యైనచో నీట నానవేయక, తడిగుడ్డతో అద్ది, ఆరబెట్టుట మంచిది. దాచునప్పుడు కెంపులు, వజ్రములు గల నగలతో కలిపి ఒకే డబ్బీలో వేయరాదు. వేరుగ మెత్తని సంచిలో నుంచవలెను. అంట్లు తోమునప్పుడు, రుబ్బునప్పుడు, తోటపని చేయునప్పుడు ఉంగరము తీసివేయవలెను.

చివరకు ఒక వింత. అమెరికాలో ఫ్లారిడా రాష్ట్రము 1970లో చంద్రకాంతమును తన రాష్ట్రరత్నముగ ప్రకటించినది. ఆ రాయి ఫ్లారిడాలో దొరకదు. 1969లో మనుష్యులు చంద్రునిపై పాదము మోపిన యాత్ర ఆ రాష్ట్రపు తీరమునుండి బయలుదేరినందున, ఆ స్మృతికై పేరునుబట్టి దానిని ఎన్నుకొనిరి. అయితే 1971లో అపోలో 15 యాత్రికులు తెచ్చిన తెల్లని శిలను పరీక్షింపగా అది దాదాపు పూర్తిగ ఫెల్‌స్పారు జాతిదని తేలినది. చంద్రబింబమున మనకు తెల్లగ కనబడు ఎత్తైన ప్రాంతములు ప్రధానముగ ఆ జాతి ఖనిజముతోనే నిండినవి. అది మన నగలలోని శాఖ కాదు, సున్నపుధాతువు గల మరియొక శాఖ. వంశము మాత్రము ఒక్కటే. చంద్రునికిని ఈ శిలకును చుట్టరికము కలదని కవులు వేరొక దారిన చెప్పిరి.

వెన్నెలకు కరగని ఈ శిల మంటకును, దెబ్బకును, ఇసుకకును లొంగును. ఈ మూటినుండి తప్పించినచో అమ్మమ్మ పెట్టుకొన్న పతకము మనుమరాలి మెడలో గూడ అదే వెలుగుతో కదలాడును.